రాణిగారు కూర్చోలేదు

ఆ సినిమా వచ్చింది వానాకాలంలో. మా ఆయన పోయింది అంతకు ముందు ఎండాకాలంలో. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పొద్దున్న పాలు కాచాను. దువ్వాడలో నేను పనిచేసే కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం తిరిగి వచ్చాను. బట్టలు ఉతికి మేడ మీద ఆరేశాను, వాటి మీద పడిన సన్నటి దుమ్ము దులిపి మడతపెట్టాను. ఒకరోజు పెనం అంచు చేతికి అంటుకుంది. పొక్కిందని మర్నాడు కాలేజీలో ఎవరో చూపిస్తే తెలిసింది. ఇంటికి వచ్చిపోయే వాళ్ళంతా దీన్ని ధైర్యం అన్నారు. "చాలా ధైర్యంగా ఉందండీ ఆవిడ" అని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అనుకునేవాళ్ళు. నాకు వినబడేది.

ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో, రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. పొద్దుటి షిఫ్టుకి తయారవుతూ, గడ్డం గీసుకుంటూ, అద్దం ముందే కూలబడ్డారు. ఒక చెంప మీద నురగ అలాగే ఉంది. అంబులెన్సులోనూ, ఆస్పత్రిలో స్ట్రెచర్ మీదా నేను ఆయన మొహం చూడలేదు. ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను, పైకి లేస్తుందేమోనని. డాక్టరు వచ్చి గుండె అని చెప్పినప్పుడు కూడా అక్కడే చూస్తున్నాను.

మాకు పిల్లలు లేరు. ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరులో నేనూ, మా అత్తగారూ మిగిలాం. ఆవిడ శ్రీకాకుళం వైపు పల్లెలో పెద్దకొడుకు దగ్గర ఉండేది. కబురు అందగానే వచ్చిన మనిషి దినాలయ్యాక కూడా వెళ్ళలేదు. నేను ఉండమని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. బాల్కనీలో ఒక మూల గోనెసంచి పరుచుకుని అక్కడ చుట్ట కాల్చుకునేది, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు కాల్చే పద్ధతిలో.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది ఈ ఊళ్ళోనే అయినా ఇంట్లో మాది ఆ పక్క మాటే. పెళ్ళైన కొత్తలో మా అత్తగారి మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. నా మాట ఆవిడకి బడిలో పంతులమ్మ మాటలా ఉండేదిట. మా ఆయన మధ్యలో కూర్చుని ఆవిడ అన్నది నాకూ, నేను అన్నది ఆవిడకీ చెప్పి, రెండువైపులా నాలుగు మాటలు సొంతంగా కలిపి నవ్వించేవారు. ఆయన పోయాక ఇద్దరం చాలా తక్కువ మాట్లాడుకున్నాం. "తిన్నావా?" "తిన్నాను." "కరెంటు పోనాది." "వస్తుంది."

సినిమాకి నన్ను బయల్దేరదీసింది కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రాజమండ్రి ఆవిడ. మంచి మనిషి. ఆ నెలల్లో మా ఇంటికి కూరలు పంపించిన గిన్నెలు ఎన్నో ఇప్పటికీ మా వంటింట్లో ఉన్నాయి.

"మన బ్లాకు ఆడవాళ్ళందరం వెళ్తున్నామండీ. చరిత్ర సినిమా. ఆడవాళ్ళే యుద్ధాలు చేస్తారుట. మీరు ఎన్నాళ్ళని ఇలా గోడలు చూస్తూ కూర్చుంటారు? కాదనకండి" అంది.

కాదనడానికి కూడా కాస్త ఓపిక కావాలి. సరే అన్నాను. రెండు ఆటోల్లో గాజువాక వెళ్ళాం.

కథ అంతగా తిప్పలు పెట్టేదేం కాదు. ఎప్పుడో పాతకాలంలో, కొండల మధ్య ఒక చిన్న కోట. రాజుని సంధికని పిలిచి మోసం చేసి చంపుతారు. కోటలో మగవాళ్ళు సగానికి పైగా అప్పటికే యుద్ధంలో పోయారు. రాణి ఊళ్ళో ఆడవాళ్ళని, కుండలు చేసేవాళ్ళనీ మంత్రసానినీ పశువుల్ని కాచుకునేవాళ్ళనీ పోగేసి, కత్తి తిప్పడం నేర్పి, శత్రువు మీదకి నడిపిస్తుంది. అందరూ చెప్పుకున్న సీను ఇంటర్వెల్‌కి కాస్త ముందు వస్తుంది. రాజు శవాన్ని ఎడ్లబండి మీద కోట గుమ్మంలోకి తెస్తారు. డప్పులు మోగుతుంటాయి. రాణి మెట్లు దిగి వస్తుంది. కంట్లో చుక్క నీరు లేదు. శవం నడుముకున్న ఒరలోంచి కత్తి లాగి, తల పైకెత్తి, గుమ్మం బయట ఉన్న జనం వైపు తిరుగుతుంది. కింద టిక్కెట్లలో ఈలలు, చప్పట్లు, ఎగిరిపడిన కాగితం ముక్కలు. రాజమండ్రి ఆవిడ చీకట్లో నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆవిడ అరచెయ్యి తడిగా ఉంది. ఏడుస్తోందని అర్థమైంది.

నేను బండి మీద శవాన్ని చూస్తున్నాను. ఎవరో చిన్న నటుడు. రాణి కత్తి లాగినప్పుడు అతని ఎడమ కంటి రెప్ప కదిలింది. ఛాతీ కూడా లేచింది, చాలా సన్నగా. ఊపిరి బిగబట్టడం అతనికి పూర్తిగా చేతకాలేదు. బతికే ఉన్నాడు అనుకున్నాను. అంతే. ఆ తర్వాత సినిమా మిగతా సగంలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. గుర్రాలు వెళ్ళాయి, వచ్చాయి. తెర పక్కన ఎర్రగా వెలిగే బయటికి దారి బోర్డు చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అందరూ ఒకేసారి మాట్లాడారు. మూడో అంతస్తు ఆవిడ అంత రక్తం ఎందుకండీ, పిల్లలతో చూసేలా లేదు అంది. రాజమండ్రి ఆవిడ ఒప్పుకోలేదు.

"రక్తం లేకుండా యుద్ధమేంటండీ? నాకైతే ఒళ్ళు జలదరించింది." నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏవండీ, మీకోసమే తీసినట్టు లేదూ? మొగుడు పోయిన రోజే ఎలా నిలబడిందో చూశారా? మీరూ అలాగే ఉండాలండి."

"అవునండి" అన్నాను.

మా కాలేజీలో నేను పరీక్షల సెక్షన్‌లో పనిచేస్తాను. ఆ వారమంతా అక్కడా ఇదే సినిమా. వరండాలో అమ్మాయిలు మడిచిన గొడుగులతో కత్తియుద్ధం చేస్తుంటే ప్రిన్సిపాల్ గది ప్యూను వచ్చి కోప్పడి వెళ్ళాడు. అకౌంట్స్ సారు నాకంటే పెద్దవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఏదో ఫైలు కోసం వచ్చి నా బల్ల దగ్గర నిలబడిపోయాడు.

"మా అమ్మాయిలిద్దర్నీ తీసుకెళ్ళానమ్మా. వాళ్ళ సంగతేమో గానీ నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మంత్రసాని కత్తి పట్టుకున్నప్పుడైతే మరీనూ. ప్రతి ఆడపిల్లకీ చూపించాల్సిన సినిమా. నువ్వూ చూశావట కదా, ఏమంటావ్?"

"అవునండి, బావుంది" అన్నాను.

ఆ మధ్యాహ్నమే లైబ్రరీ మేడం టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మాటల్లో మొహమాటం ఉండదు ఆవిడకి.

"అంత యుద్ధం జరుగుతుంటే ఆవిడ కాటుక చెదరదేంటండీ? మెళ్ళో అన్ని నగలు వేసుకుని ఎవరైనా గుర్రం ఎక్కుతారా? పేరుకి ఆడవాళ్ళ సినిమా. కెమెరా మాత్రం నడుం దగ్గర్నుంచి కదల్లేదు. మీకు అనిపించిందా లేదా?"

"అనిపించిందండి. నాకూ అంతగా నచ్చలేదు" అన్నాను.

అబద్ధం చెప్తున్నానని కూడా నాకు తోచలేదు. వాళ్ళు అడిగింది ఎటు వాలి ఉంటే అటు వాలాను. రెండు మూడు రోజులయ్యాక స్టాఫ్ రూములో మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళిద్దరికీ దీని మీదే మాటా మాటా పెరిగింది. నేను నా డబ్బా మూత తీస్తున్నాను.

"మీకొక్కరికే నచ్చలేదు మేడం. ఆవిణ్ణి అడగండి, బావుందని నాతో అంది" అన్నాడు సారు నన్ను చూపిస్తూ.

"బావుందనా? నచ్చలేదని నాతో చెప్పారే!" అంది మేడం.

గదిలో అందరూ నా వైపు చూశారు. ఎవరో నవ్వబోయారు. నేను ఏదో ఒకటి అనాలి. రాణి మొహం గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. మూత చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

సారుకి ముందు అర్థమైంది. "సరే సరే, వదిలెయ్యండి. ఆవిడ ఉన్న పరిస్థితిలో..." అన్నాడు. మేడం మొహం మారిపోయింది. "అయ్యో, నిజమే. సారీ అండీ" అని, ముద్దపప్పు నా డబ్బాలో వేసింది. ఆ రోజు నుంచీ నేను గదిలోకి వస్తే వాళ్ళ వాదన ఆగిపోయేది. ఎండ గురించో, వాన గురించో మొదలుపెట్టేవాళ్ళు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. బాధపడాల్సిన విషయమే అనుకుంటాను. అప్పుడు మాత్రం, బస్సులో నిలబడే వాళ్ళకి సీటు ఇచ్చినట్టు నాకేదో ఇచ్చారు, కూర్చున్నాను అనిపించింది.

ఇంట్లో నేను ఏమీ చెప్పకపోయినా మా అత్తగారికి కింది ఆవిడ ద్వారా సంగతంతా చేరింది. ఒక సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే బాల్కనీలోంచి పిలిచింది.

"ఏటే అమ్మీ ఆ సినిమా? కిందామె సెప్తంది, మొగుడు సచ్చిపోతే రాణి కత్తట్టుకుంటాదట."

"అవునత్తయ్యా."

"బాగున్నాదా?"

"తెలీదత్తయ్యా."

"నువ్వు సూసినావు కదేటి?"

"చూశాను. తెలీదు."

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. తర్వాత, "నన్ను తీస్కెల్లు. నాను సూసి సెప్తాను" అంది.

ఆ రోజే మా బావగారు ఊరినుంచి ఫోన్ చేశారు. తల్లి సినిమాకి వెళ్తానంది. ఫోను స్పీకర్లో ఉంది.

"అమ్మా, ఏడాది తిరగనేదు. సినిమాలేటి? ఊళ్ళో తెలిస్తే ఏటనుకుంటారు?"

"ఊల్లోల్లొచ్చి నాకు కూడొండి ఎడతన్నారేటి? ఎల్తానన్నాను, ఎల్తాను."

"ఫోన్ కోడలికియ్యి." నేను తీసుకున్నాను. "నువ్వైనా సెప్పాలి కదమ్మా" అన్నారు.

"నిజమేనండీ బావగారూ" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆవిడ "ఆదివారం ఎల్దామా?" అంది. "సరే అత్తయ్యా" అన్నాను.

ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాం. కూర్మన్నపాలెం దాకా నడిచి అక్కడ షేర్ ఆటో ఎక్కాం. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది. సినిమా హాలుకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలీదు. మా ఆయన చిన్నప్పుడు టెక్కలిలో చూసిన దేవుడి సినిమా ఒకటి చెప్పింది. హాలు గేటు దగ్గర సంచీలు వెతికే అమ్మాయి ఆవిడ సంచీలోంచి అగ్గిపెట్టె, రెండు చుట్టలు తీసి పక్కన పెట్టింది.

"ఇవి లోపలికి కుదరవు మామ్మా."

"నాను లోపల కాల్సనమ్మా. ఉంటే నాకు ధైర్నం."

"ధైర్యానికి సినిమా ఉంది కదా మామ్మా" అంది ఆ అమ్మాయి. మా అత్తగారికి ఈ మాట నచ్చింది. చుట్టలు అక్కడే వదిలి లోపలికి వచ్చింది.

రెండోసారి కూర్చుంటే సినిమా నాకు మొదటిసారి చూస్తున్నట్టే ఉంది. రాణికి ఒక చెల్లెలు కూడా ఉందని, ఆ చెల్లెలు చివర్లో చచ్చిపోతుందని అప్పుడే తెలిసింది. మా అత్తగారు తెరతో మాట్లాడుతూనే ఉంది. రాజుని సంధికి పిలిచినప్పుడు "ఎల్లకు నాయనా, ఆడు మంచోడు కాడు" అంది. శవం బండి కోటలోకి వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకుంది. డప్పులు మోగుతున్నంతసేపూ ముందు సీటు వెనకభాగం వైపు చూసింది. తర్వాత "నీలున్నాయా?" అని అడిగింది. సీసా ఇచ్చాను. తాగలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

రాణి కత్తి లాగగానే ముందుకి వంగింది. ఇక అక్కణ్ణుంచి సినిమా ఆవిడదే. "ఎనకాల! ఎనకాలున్నాడు సూడు!" అని అరిచింది. ముందు వరసలో కుర్రాడొకడు వెనక్కి తిరిగి "మామ్మా, ఆవిడకి వినబడదు" అన్నాడు. "నీకినబడింది కదా, నువ్వు సెప్పు" అంది. చుట్టూ నవ్వులు. కుండలు చేసే మనిషి కోట గోడమీంచి పెద్ద బాన దొర్లించి కింద సైనికుల మీద పడేస్తే చప్పట్లు కొట్టింది. ఆవిడ చప్పట్లు కొట్టడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

బయటికి వచ్చేసరికి పెద్ద వాన. ఎదురుగా టీకొట్టు ముందు పరదా కింద నిలబడ్డాం. ఆవిడ చుట్టలు మర్చిపోకుండా తీసుకుంది గానీ వెలిగించలేదు. టీ ఇప్పించాను.

"శానా బాగున్నాది. అలగే ఉండాల" అంది.

నేను "అవునత్తయ్యా" అనాలి. నోటి దాకా వచ్చింది కూడా. వచ్చింది అక్కడే ఆగిపోయి, దాని బదులు వేరే మాట బయటికి వచ్చింది.

"నాకు నచ్చలేదు."

ఆవిడ గ్లాసు దించింది. "ఏటి నచ్చనేదు?"

"ఆవిడ కూర్చోలేదు. ఆ బండి పక్కన ఒక్క నిమిషం కూర్చోవాల్సింది. అతన్ని ముట్టుకోలేదు కూడా. కత్తిని ముట్టుకుంది."

"ముట్టుకుంటే లెగిసొస్తాడేటి?"

"రాడు. అయినా."

"అయినా అంటే ఏటి?"

"అయినా అంటే అయినానే అత్తయ్యా! మొగుడు గుమ్మంలో ఉంటే బయట జనం వైపు తిరుగుతుందా?" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. టీకొట్టు మనిషి పాలు వడగడుతూ ఆగి మా వైపు చూశాడు.

మా అత్తగారికి కోపం వచ్చింది. రావడమే కాదు, మాట వేగం కూడా పెరిగింది. ఆ వేగంలో ఆవిడ మాట నాకు ఎప్పుడూ పూర్తిగా పట్టుబడదు. ఆ రోజు పట్టుబడింది.

"కూకుంటే ఏటొస్తాది? మీ మావ జొరమొచ్చి పోనప్పుడు పెద్దోడు అప్పుడే బడికెల్తన్నాడు. నీ మొగుడు నా సంకలో ఉన్నాడు. దినాలవగానే నాను ఊడుపులకెల్లిపోనాను. ఈడ్ని గట్టు మీద గోనె ఏసి కూకోబెట్టీసి మడిలోకి దిగీసినాను. ఏడిసినానా? ఏడవనేదు. ఆ రాణికేటి, కత్తుంది, గుర్రముంది, ఎనకాల అంతమంది ఆడోల్లున్నారు. ఎదురుగుండా ఎవుడో ఒకడు నరకడానికొచ్చినాడు. నా మీదకి ఎవుడూ రానేదు. ఎవుడైనా ఒచ్చుంటే బాగుణ్ణు."

అని, టీ గ్లాసుని ఒకసారి కత్తిలా ఝళిపించింది. కాస్త టీ నా చీర మీద పడింది. ఇద్దరం దాన్ని చూశాం.

"అందుకే మీకు నచ్చింది" అన్నాను.

"అందుకే" అంది.

వాన తగ్గాక ఎక్కిన షేర్ ఆటోలోనూ ఇది ఆగలేదు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది, నేను మళ్ళీ ఒప్పుకోలేదు. ఎదురు సీట్లో డ్యూటీకి వెళ్తున్న ప్లాంటు మనిషి ఒకాయన మా ఇద్దరి మాటా విని, "హీరోయిన్ బాగానే సేసిందండి. గాని సెకండాఫ్ లాగీసినాడు" అన్నాడు. "నీకేటి తెలుసు బాబూ, నువ్వు ఊరుకో" అంది మా అత్తగారు. ఆయన టిఫిన్ డబ్బా ఒళ్ళో సర్దుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాదనలో ఓడిపోకూడదని మాత్రం ఉంది. ఆ నెలల్లో నాకు ఏదైనా కావాలని అనిపించింది అదొక్కటే.

ఇంటికొచ్చాక ఆవిడ చీర మార్చుకుని బాల్కనీలో తన మూల కూర్చుంది. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఇంకా వెలుగుంది. వాన వెలిసి ఎదురు బ్లాకు గోడలు తడిగా ఎర్రగా కనిపిస్తున్నాయి. కాసేపటికి అక్కడినుంచే అడిగింది, తిరగకుండా.

"ఆడ్ని నువ్వు ముట్టుకున్నావా?"

వంటింటి గుమ్మంలో నిలబడి "ముట్టుకున్నాను. ఆస్పత్రిలో. చెయ్యి పట్టుకున్నాను" అన్నాను.

"సల్లగున్నాదా?"

"అప్పటికింకా లేదు. మామూలుగానే ఉంది."

ఆవిడ తల ఊపింది. చుట్ట వెలిగించడానికి రెండు పుల్లలు గీసింది, రెండూ ఆరిపోయాయి. "నానొచ్చేతలికి సల్లబడిపోనాడు" అంది. మూడో పుల్ల గీసింది.

నేను వెళ్ళి ఆవిడ పక్కన ఆ గోనె మీద కూర్చోవచ్చు. సినిమాలో అయితే కూర్చునేదాన్ని. కుక్కరు కూత వేసింది, లోపలికి వెళ్ళిపోయాను. ఏడుపు ఆవిడకీ రాలేదు, నాకూ రాలేదు. అన్నం తిన్నాం. ఆవిడకి మజ్జిగలోకి పచ్చిమిరపకాయ ఉండాలి. ఇచ్చాను.

సోమవారం భోజనాల దగ్గర నేను లోపలికి వెళ్ళేసరికి ఎప్పట్లాగే మాటలు ఆగాయి. డబ్బా తెరిచి, ఎవరూ అడగకుండానే చెప్పాను.

"నిన్న మళ్ళీ చూశాను ఆ సినిమా. నాకు నచ్చలేదు. మొగుడి శవం వస్తే ఆవిడ ఒక్క క్షణం కూర్చోలేదు. నాకు అది అబద్ధంగా అనిపించింది."

అకౌంట్స్ సారు అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "అలాగా అమ్మా" అన్నాడు. ఆయన నొచ్చుకున్నాడని తెలుస్తోంది. లైబ్రరీ మేడం నా పక్షం వస్తుందనుకున్నాను. ఆవిడ చెంచా కింద పెట్టేసింది.

"అదేంటండీ అలా అంటారు? మొత్తం సినిమాలో నాకు నచ్చింది ఆ ఒక్క సీనే! ఏడుస్తూ కూర్చోవడం మనకి అన్ని సినిమాల్లోనూ చూపిస్తూనే ఉన్నారు కదా. ఒక్కత్తి నిలబడితే మీకేం అభ్యంతరం?"

అని తర్వాత, ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి, నాలిక కరుచుకుంది. "అంటే... నా ఉద్దేశం..."

"లేదు, చెప్పండి" అన్నాను. "నాకు నచ్చలేదంటే నచ్చలేదు. మీరు చెప్పండి."

ఆవిడ సారు వైపు చూసింది. సారు పప్పు వైపు చూశాడు. మొదట మెల్లగా, తర్వాత తన మామూలు గొంతుతో, ఆవిడ చెప్పింది. నేను కాదన్నాను. గంట కొట్టేదాకా ఇద్దరం తేల్చుకోలేకపోయాం. చేతులు కడుక్కునేటప్పుడు ఆవిడ ఇంకా గొణుగుతూనే ఉంది. ఆ మాటల్లో పాపం అన్న మాట లేదు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి మార్కుల మెమోలు సర్దుకున్నాను. లోపల ఏదో తేలికపడిందని చెప్పలేను. మధ్యాహ్నం గడిచింది, అంతే. కాకపోతే ఆ మధ్యాహ్నం నాకు గుర్తుంది. దానికి ముందువి ఎన్నో గుర్తులేవు.

చలికాలంలో క్వార్టరు ఖాళీ చేసి దువ్వాడలో కాలేజీకి దగ్గరగా ఒక అద్దె ఇంటికి మారాం. బావగారు సామాను ఎక్కించడానికి వచ్చారు. తల్లి పెట్టె తన బండిలో పెట్టబోతే ఆవిడ వద్దంది. "నానిక్కడే ఉంటాను. దీనికి సినిమా సూడ్డం రాదు" అంది. ఆయన నా మొహం చూశారు. ఉండనివ్వండి బావగారూ అన్నాను. ఆ మాట మాత్రం ఎవరూ అడగకుండానే, ఎటూ వాలకుండా అన్నాను.

కొత్త ఇంట్లో మెయిన్ లైను రైళ్ళు వెళ్తే కిటికీ అద్దాలు కదులుతాయి. మేం ఇప్పుడు చాలా విషయాల మీద తగువులాడుకుంటాం. చేపలు ఏ కొట్లో కొనాలి, సాయంత్రం తలుపు వేసుండాలా తీసుండాలా. మా ఆయన ఫోటో ముందు గదిలో, వచ్చేవాళ్ళకి కనబడేలా పెట్టాలని ఆవిడ. వచ్చేవాళ్ళకి ఎందుకు, లోపల గదిలో ఉండాలని నేను. ఎక్కడ మేకు కొట్టాలో ఇప్పటికీ తేలలేదు. ఫోటో రెండు గదుల మధ్య గుమ్మం పక్కన, నేలమీదే గోడకి ఆనించి ఉంది. ఊడ్చేటప్పుడు దాన్ని ఎత్తి పట్టుకుని, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడతాను. ఆవిడ ఊడ్చినా అంతే.